అప్లై చేసినంక పంపిన కాగితం తీసుకోవాల్సిందే



మే నెల చివర్ల మొదలైతది మాకు ఈ పని. కాశిబుగ్గలో మేము ఉండేది ఆరుగురం, రెండు రూములు. ఎనుమాముల మార్కెట్ దగ్గరే కాబట్టి మిర్చి బస్తాలతో వచ్చిన మన నాయినలు, బాబాయిలు రాత్రికి మా దగ్గరే పడుకుంటరు. అట్ల మా అడ్రసు తండాలకు, గూడేలకు తెలిసిపోయింది. ఇక ఫలితాలు వచ్చినయంటే ఫోన్లే ఫోన్లు. అందరిదీ దాదాపు ఒకే మాట: "అన్నా, అప్లై చేసిన. కానీ అప్పుడు ఒక కాగితం లేకుండె. ఇప్పుడొచ్చింది. కాలేజీకి పంపొచ్చా? పంపితే కోపానికి వస్తరా?"

ఈ "కోపానికి వస్తరా" అన్న మాటే మాతోని ఈ పోస్టు రాయిస్తున్నది. మన పిల్లలు హక్కుగా పోవాల్సిన చోటికి దొంగతనం చేసినట్టు పోతున్నరు. కౌంటర్ దగ్గర నిలబడి "సార్, ప్లీజ్ సార్" అంటున్నరు. అటువైపు కూర్చున్నాయన తల ఎత్తకుండానే "పోర్టల్ క్లోజ్ అయింది" అంటడు, కథ అయిపోతది. మా మాట సూటిగా చెప్తున్నం: కాలేజీ అడిగిన కాగితం, మన తప్పు లేకుండా ఆలస్యంగా వస్తే, అది తీసుకోవాల్సిన బాధ్యత కాలేజీదే. అది దయ గాదు. అదే సమయంలో, ఎవరూ అడగని కాగితాలు కట్టలు కట్టలు పంపే అలవాటు మనలో పెరుగుతున్నది. దాని గురించి కూడా ఇక్కడే తిడుతం, ఎవరూ నొచ్చుకోవద్దు.

పోయిన సంవత్సరం సంగతి ఒకటి చెప్తం. మన తండా చెల్లె ఒకామె. ఊరు పేరు, కాలేజీ పేరు రాయం, ఆమె ఇంకా అక్కడే చదువుకుంటున్నది. గురుకులంలో ఇంటర్, మంచి మార్కులు. హైదరాబాద్‌లో ఒక కాలేజీకి నేరుగా ఆన్‌లైన్ దరఖాస్తు చేసింది. ఆమె దగ్గర ఉన్న కుల సర్టిఫికెట్ గురుకులంలో చేరేటప్పుడు తీసుకున్నది. అందులో ఇంటిపేరు చివర "ఉ" కారం ఉన్నది, ఎస్సెస్సీ మెమోలో లేదు. బానోతు, బానోత్. గంతే తేడా. పోర్టల్ ఒప్పుకోలేదు. మీసేవలో కొత్తదానికి పెట్టింది, రసీదు ఇచ్చిండ్రు. ఆఫీసులో దస్తావేజు కదలాలంటే విచారణ రిపోర్టు రావాలె, సంతకం కావాలె. ఈలోపు దరఖాస్తు చివరి తారీఖు వచ్చింది. ఆమె పాత సర్టిఫికెటే పెట్టి సబ్మిట్ చేసింది. తొమ్మిది రోజులకు కొత్తది చేతికొచ్చింది. ఈమెయిల్ చేస్తే జవాబు లేదు. ఫోన్ చేస్తే, "మీది జనరల్‌లో పెట్టినం, ఇక మార్చరాదు" అన్నరు.

అంటే ఏందన్నట్టు? ఆమె పుట్టుక మొత్తం ఒక "ఉ" కారం మీద ఆధారపడి ఉన్నదన్నట్టా? సబ్మిట్ బటన్ నొక్కిన సాయంత్రం లంబాడీ కాదు, తొమ్మిది రోజులకు లంబాడీ అయిందా?

అసలు ఈ కాగితాలు ఎందుకు సరిపోలవో ఒక్కసారి ఆలోచించండి. మనలో 2006, 2007ల పుట్టినోళ్ళకు పుట్టినప్పుడు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, జిల్లా వరంగల్. 2014 జూన్ 2న రాష్ట్రం తెలంగాణ అయింది, సంతోషం, మనం కొట్లాడి తెచ్చుకున్నదే. 2016 అక్టోబర్ 11న జిల్లా ముక్కలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, మహబూబాబాద్, జనగామ, జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయింది. 2021ల అర్బన్, రూరల్ పేర్లు పోయి హనుమకొండ, వరంగల్ అయినయి. 2018ల తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలైనయి, కాబట్టి ఊరి పేరే మారింది. మండలాలు కూడా కొత్తవి వచ్చినయి. ఇన్నిసార్లు గీతలు గీసింది ప్రభుత్వం. ఒకే ఇంట్లో, ఒకే చూరు కింద పెరిగిన పిల్లకు పదో తరగతి మెమోలో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా, కుల సర్టిఫికెట్‌లో ఏకంగా ఇంకో రాష్ట్రం. బయట రాష్ట్రం కాలేజీలో అయితే "నువ్వు ఆంధ్రానా తెలంగాణానా" అని అడుగుతరు. గీత గీసినోళ్ళను ఎవరూ కాగితం అడగరు.

ఇంటిపేర్ల సంగతి ఇంకా ఘోరం. భూక్యా, భూక్య. గుగులోతు, గుగులోత్. ధరావత్, దరావత్. అజ్మీరా, అజ్మేరా. ఇవి మన గోత్రాల పేర్లు, మన నోట్లో ఒక్క తీరుగనే పలుకుతయి. బడిలో చేర్చుకున్న సారు తనకు వినపడ్డట్టు రాసుకున్నడు. ఆధార్ తీసిన పిల్లగాడు ఇంగ్లిష్‌లో తనకు తోచినట్టు కొట్టిండు. మన యాడి, బాపు వేలిముద్ర వేసిండ్రు. ఆ ఇద్దరి చేతిరాత తేడాకు జరిమానా కట్టాల్సింది ఇయ్యాల మన చెల్లెనా?

ఇది మేము కాలేజీల మీద కోపంతో అంటున్న మాట గాదు, కోర్టులే అన్నయి. ఒడిశాలో మెడికల్ సీటు కోసం ఒక అమ్మాయి పోయింది, వికలాంగుడైన మాజీ సైనికుని బిడ్డ. ఆ కోటాకు అర్హత ఉన్నది, కానీ ఆమెకు ఇచ్చిన సర్టిఫికెట్‌లో తప్పు పడ్డది. కౌన్సెలింగ్‌లో కాదన్నరు. సరిచేసిన కాగితం తెచ్చేసరికి ఆలస్యమైందన్నరు. డాలీ ఛాందా కేసు అంటరు దాన్ని. 2004లో సుప్రీం కోర్టు ఆ అమ్మాయి వైపే తీర్పు చెప్పింది. సారాంశం ఇంతే: అర్హత అనేది చివరి తారీఖు నాటికి ఉండాలె, అందులో సడలింపు లేదు. ఆ అర్హత ఉన్నదని చూపే కాగితం సంగతి వేరు, అది పద్ధతికి సంబంధించినది, అక్కడ మొండిగా ఉండొద్దు. 2016లో ఢిల్లీ స్టాఫ్ నర్స్ ఉద్యోగాల కేసులో, చివరి తారీఖు దాటినంక ఓబీసీ సర్టిఫికెట్ ఇచ్చిన అభ్యర్థి విషయంలో కూడా సుప్రీం కోర్టు అదే దారిలో పోయింది. కులం పుట్టుకతో వచ్చేది, సర్టిఫికెట్ దానికి రుజువు మాత్రమే.

నిజం దాచిపెట్టం. ఉద్యోగాల కేసుల్లో దీనికి అడ్డం చెప్పిన తీర్పులు కూడా తర్వాత వచ్చినయి, నోటిఫికేషన్‌లో చెప్పిన నమూనాలో, చెప్పిన తారీఖులోనే ఇవ్వాలని. కాబట్టి "కోర్టు చెప్పింది పో" అని ధీమాగా కూర్చోవద్దు. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్ళకు ఆదాయం లెక్క ఉంటది, ఏడాదికేడాది మారుతది, అందుకే అక్కడ తారీఖు గురించి అంత పట్టు. మన ఎస్టీ హోదాకు ఆ లెక్కే లేదు. పోయినేడు ఎస్టీ అయినోడు ఈయేడు కాకుండా పోడు. ఇంత తేడా కౌంటర్‌లో కూర్చున్నాయనకు తెలియకపోతే మనమే మర్యాదగా చెప్పాలె.

ఇంకొకటి గుర్తుందా, 2024ల ధన్‌బాద్ ఐఐటీ సంగతి? యూపీలో ముజఫర్‌నగర్ జిల్లా దళిత పిల్లగాడు, నాయిన దినకూలి. సీటొచ్చింది, 17,500 రూపాయలు జూన్ 24 సాయంత్రం 5 గంటలలోపు కట్టాలె. ఊరంతా తిరిగి పైసలు జమ చేసేసరికి నిమిషాలు మిగిలినయి, పేమెంట్ పోలేదు, సీటు పోయింది. ఎస్సీ కమిషన్ దగ్గరికి పోయిండు, లీగల్ సర్వీసెస్ దగ్గరికి పోయిండు, మద్రాస్ హైకోర్టుకు పోయిండు. చివరికి సెప్టెంబర్ 30న సుప్రీం కోర్టు 142వ అధికరణం వాడి సీటు ఇప్పించింది. అందరం స్టేటస్‌లు పెట్టుకున్నం, సంబరపడ్డం. కానీ మా రూములో ఒక తమ్ముడు అప్పుడే అన్నడు, "అన్నా, ఒక్క సీటు కోసం దేశంలో పెద్ద కోర్టు దాకా పోవాల్నా?" అని. మూడు నెలలు పట్టింది. మన దగ్గర నుంచి ఢిల్లీకి వకీలును పెట్టుకునే తాకత్ ఎంతమందికి ఉన్నది? గేటు దగ్గరే తీసుకోవాల్సిన కాగితం అది.

కాలేజీల వాళ్ళు చెప్పే మాట ఒకటున్నది. "ఒకరికి తీసుకుంటే వెయ్యి మంది వస్తరు, వెనక వెయిటింగ్‌లో ఉన్నోడికి అన్యాయం కాదా?" ఇది కొట్టిపారేసే మాట గాదు. వెనక ఉన్నోడు కూడా మనోడే కావచ్చు, ఏ కొత్తగూడ గూడెంలోనో ఫోన్ చూసుకుంటూ కూర్చున్న కోయ తమ్ముడే కావచ్చు. అందుకే మేము గడువే వద్దు అనడం లేదు. చివరి తారీఖులోపు దరఖాస్తు పెట్టినోడు, ఆ తారీఖులోపే మీసేవలో పెట్టుకున్న రసీదు చూపినోడు, వానికి సీటు తాత్కాలికంగా ఇచ్చి ఇన్ని రోజుల్లో కాగితం తేవాలని రాసివ్వమంటున్నం. తేకపోతే సీటు వెనకున్నోడికి పోతది. ఇందులో ఎవరికి అన్యాయం? మార్కుల మెమోలు రాని పిల్లలకు చాలా చోట్ల ఇట్లనే అండర్‌టేకింగ్ రాయించుకొని ఇస్తున్నరు కదా. మెమోకు వీలైంది కుల సర్టిఫికెట్‌కు ఎందుకు వీలు కాదు?

ఇంకో సంగతి. గడువు గడువు అని మనకు చెప్పేటోళ్ళే సీట్లు మిగిలినప్పుడు స్పెషల్ ఫేజ్ అంటరు, స్పాట్ అడ్మిషన్ అంటరు. అప్పుడు తలుపులు బార్లా తెరుస్తరు. కానీ స్పాట్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అంటే కాగితం కోసం మూసిన తలుపు పైసల కోసం తెరుచుకుంటదన్నట్టు. ఈ లెక్క తెలియక ఎంతమంది స్పాట్‌లో చేరి, సెకండ్ ఇయర్‌లో ఫీజు కట్టలేక మార్కెట్‌లో హమాలీకి పోతున్నరో మేము రోజూ చూస్తున్నం. మా రూముకు కిలోమీటరు దూరంలోనే.

దోస్త్ గురించి ఒక ముక్క. 2016 నుంచి డిగ్రీ సీట్లన్నీ దాదాపు దాని ద్వారానే. ఊరూరా తిరిగి అప్లికేషన్ కొనే బాధ తప్పింది, అది మంచిదే. హెల్ప్‌లైన్ సెంటర్లు పెట్టిండ్రు, అది కూడా మంచిదే. ఏదన్నా తప్పు పడితే కాలేజీ చుట్టూ తిరగకుండ ముందు హెల్ప్‌లైన్ సెంటర్‌కే పోండి, ఫేజ్ అయిపోకముందే పోండి. ఎన్‌సీసీ, స్పోర్ట్స్, వికలాంగుల కోటా వాళ్ళకు సర్టిఫికెట్ వెరిఫికేషన్ వేరే తారీఖుల్లో ఉంటది, అవి చూసుకోండి. సీటు వచ్చినంక సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఏ కాగితం పంపినా లాభం లేదు, సీటు పోతది. బయట రాష్ట్రాల ఎన్ఐటీలు, ఐఐటీలకు జోసా ద్వారా పోయేటోళ్ళకు సీటు వచ్చినంక కాగితాల మీద "క్వెరీ" పడుతది. అది వచ్చిందంటే తిరస్కరించినట్టు కాదు, ఇంకో కాగితం అడుగుతున్నట్టు. చెప్పిన టైములోపు జవాబు పెట్టాలె. మన తమ్ముడొకడు క్వెరీ చూసి భయపడి ఫోన్ పక్కన పడేసిండు, రెండు రోజులు ఏడ్చిండు. అడిగింది ఏందో తెలుసా? సెంట్రల్ నమూనాలో ఎస్టీ సర్టిఫికెట్. అంతే.

ఇప్పుడు మన తిట్లు మనకు.

అన్నలారా, ఎమ్మెల్యే లెటర్ పంపుడు బంద్ చేయండి. ఎంపీ లెటర్, సర్పంచ్ లెటర్, సంఘం నాయకుని లెటర్‌ప్యాడ్ మీద "ఈ విద్యార్థి చాలా బీదవాడు, సీటు ఇవ్వగలరు" అని. మెరిట్ లిస్టులో ఆ లెటర్‌కు ఒక్క మార్కు కూడా రాదు. పైగా మన హక్కును మనమే సిఫారసు కింద మార్చుకుంటున్నం. పది శాతం రిజర్వేషన్ ఉన్నది కదా, 2022 సెప్టెంబర్ 30న జీవో 33తో ఆరు నుంచి పది చేసుకున్నం. పది శాతం చేతిలో పెట్టుకొని దండం పెట్టుడు ఎందుకు?

అట్లనే నీలం ఫైల్ ఒకటి తయారైతది ప్రతి ఇంట్లో. నాలుగో తరగతి వ్యాసరచన పోటీ, హరితహారంలో మొక్క నాటిన సర్టిఫికెట్, కంప్యూటర్ సెంటర్‌లో నెల రోజుల కోర్సు, ఏదో ఆన్‌లైన్ క్విజ్ ఆడితే వచ్చిన పీడీఎఫ్. అప్లై చేసిన వారానికి అవన్నీ స్కాన్ చేసి కాలేజీకి ఈమెయిల్. మళ్ళీ వారానికి ఇంకో మూడు. అక్కడ వందల దరఖాస్తులు చూసే మనిషికి ఆ గుట్టలో అసలు కావాల్సిన ఆదాయం సర్టిఫికెట్ కనపడదు. మేము చూసిన ఒక కేసులో అచ్చం అదే జరిగింది. ఇరవై రెండు పేజీల పీడీఎఫ్‌లో పంతొమ్మిదో పేజీ ఆదాయం సర్టిఫికెట్. వాళ్ళు చూడలేదు, "రాలేదు" అని రాసిండ్రు. తప్పు ఎవరిది? సగం మనది.

విదేశాలకు అప్లై చేసే అక్కలు, అన్నలు కూడా వినాలె. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా వస్తున్నయి, కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్టీలకు ఏటా 20 మందికి ఉన్నది. వాటి ధైర్యంతో మనోళ్ళు అమెరికా, ఇంగ్లండ్ యూనివర్సిటీలకు పెడుతున్నరు, సంతోషం. అక్కడ కూడా ఇదే తీరు. మూడు రికమండేషన్ లెటర్లు అడిగితే మూడే, ఐదు పంపితే ఎక్కువ చదువుకున్నోడు అనుకోరు. అప్లై చేసినంక నిజంగా ఏదన్నా మారితే, ఫైనల్ సెమిస్టర్ మార్కులు వచ్చినయనుకోండి, ఒక పరీక్ష స్కోరు పెరిగిందనుకోండి, అది వాళ్ళిచ్చిన పోర్టల్‌లోనే, ఒక్కసారే పెట్టాలె. ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచే రావాలంటే సీల్డ్ కవర్ మన ఇంట్లో చింపి స్కాన్ చేసి పంపొద్దు, చెల్లదు. ఒక అన్న మురిసిపోయి చింపిండు, మళ్ళీ ఫీజు కట్టి తీసుకోవాల్సి వచ్చింది.

మారింది అంటే ఏందో కూడా చెప్తం. రీకౌంటింగ్‌లో మార్కులు పెరిగితే తప్పకుండ పంపాలె. 2019 ఏప్రిల్ ఇంటర్ ఫలితాలు మరిచిపోవద్దు, తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి మెమోలో సున్నా పడ్డది. ఫెయిలైనోళ్ళ పేపర్లన్నీ ప్రభుత్వమే మళ్ళీ చూపించాల్సి వచ్చింది. అసొంటి సమయంలో "అప్లై చేసినప్పుడు నీ మార్కులు ఇవి కదా" అంటే ఒప్పుకుంటామా? సప్లిమెంటరీ పాసైతే, మెమోలో పేరు సరిచేస్తే, కొత్త ఆదాయం సర్టిఫికెట్ వస్తే, ఇవి పంపాలె. మిగతావి ఇంట్లో ఫ్రేమ్ కట్టించుకోండి.

పంపే తీరు: ఒక్క పేజీ ఉత్తరం. పైన దరఖాస్తు నంబర్, పేరు, కోర్సు. మొదటి లైన్‌లోనే ఏ కాగితం పంపుతున్నరో రాయండి. తర్వాత ఎందుకు ఆలస్యమైందో రెండు లైన్లు, మీసేవ రసీదు తారీఖుతో. ఇంటి కష్టాలు రాయొద్దు, అవి నిజమే, కానీ ఈ ఉత్తరం వాటి కోసం గాదు. "దయచేసి కరుణించి" అని రాయొద్దు, "నా దరఖాస్తుకు జతపరచి, జతపరిచినట్టు తెలియజేయగలరు" అని రాయండి. అడ్మిషన్ సెల్ ఈమెయిల్‌కు ఒకటి, పోస్టులో ఒకటి. రిజిస్టర్డ్ పోస్టు 2025ల స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి స్పీడ్ పోస్టే చేసి రసీదు దాచుకోండి. చేతికి ఇస్తే ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోకుండ గేటు దాటొద్దు. ముద్ర లేని కాగితం ఇచ్చినట్టు కాదు, ఇది మేము దెబ్బ తిని నేర్చుకున్నది.

ఒరిజినల్స్ పోస్టులో పంపొద్దు. చూపియ్యమంటే చూపించి వెనక్కి తీసుకోండి. ఒరిజినల్స్ పట్టుకొని కూర్చోవద్దని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. డిజిలాకర్‌లో జారీ అయిన కాగితం అసలుతో సమానమని కేంద్రం నిబంధనల్లోనే ఉన్నది. ఇక తారీఖు మార్చుడు, పాత సర్టిఫికెట్‌లో అక్షరం గీకుడు, ఆ పని అసలే వద్దు. కుల సర్టిఫికెట్ల మీద 1993 చట్టం ఉన్నది, తప్పుడు కాగితానికి జైలు దాకా పోతది. "ఉ" కారం కోసం జైలుకు పోకండి.

జవాబు రాకపోతే? కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని యూజీసీ 2023 నిబంధనలు చెప్తున్నయి. రిజర్వేషన్ పాటించకపోవడం కూడా ఆ ఫిర్యాదుల కిందికే వస్తది. దానికి రాయండి. ప్రభుత్వ కాలేజీ అయితే ఆర్టీఐ పెట్టి, నా దరఖాస్తు ఏ కేటగిరీలో పెట్టిండ్రు, ఎవరి ఆర్డర్ మీద పెట్టిండ్రు అని అడగండి. ఎస్టీ కమిషన్ ఉన్నది. ఇవన్నీ చేసేసరికి అడ్మిషన్లు అయిపోతయి కదా అంటరా? నిజమే, చాలాసార్లు అయిపోతయి. కానీ వచ్చే ఏడు ఇంకో చెల్లె పోయినప్పుడు ఆ కౌంటర్ మనిషి తల ఎత్తి చూస్తడు.

ఆ చెల్లె సంగతి సగంలో ఆపినం. ఉత్తరం రాసినం, రసీదు జత చేసినం, పోస్టు చేసినం, ఇద్దరం ప్యాసింజర్ ఎక్కి పోయి ఇన్‌వర్డ్ చేయించినం. పదకొండు రోజులకు కేటగిరీ మార్చిండ్రు. రెండో లిస్టులో సీటొచ్చింది. కానీ అప్పటికే హాస్టల్ సీట్లు నిండిపోయినయి. ఇయ్యాల్టికీ ఆమె బయట రూములో నెలకు నాలుగున్నర వేలు కట్టి ఉంటున్నది, వాళ్ళ బాపు మిర్చి కూలి అందులోకే పోతున్నది. ఆ పైసలు ఎవరు తిరిగి ఇస్తరని మేము ఆ కాలేజీకి మళ్ళీ ఉత్తరం రాసినం. దానికి కూడా ఇన్‌వర్డ్ నంబర్ ఉన్నది. జవాబు ఇంకా రాలేదు, మళ్ళీ రాస్తం.

ఈ ఆదివారం పొద్దుగాల పది నుంచి రూములోనే ఉంటం. ఉత్తరం రాయించుకోవాల్సినోళ్ళు దరఖాస్తు నంబర్, మీసేవ రసీదు, టెన్త్ మెమో జిరాక్సు పట్టుకొని రండి. నీలం ఫైల్ ఇంట్లనే పెట్టి రండి.